మట్టి ఎవరు తెచ్చిండ్రు?

పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలె అనే మాటకు ఈ దేశంలో ఎవరూ అడ్డం చెప్పరు. ప్రభుత్వాలు చెప్తయి, ట్రైనింగుల్లో చెప్తరు, విదేశీ డబ్బులతో వచ్చిన ప్రాజెక్టులు చెప్పినయి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో గూడ కృత్యాల ద్వారా, వెతుకులాట ద్వారా చదువు సాగాలని రాసుకున్నరు. నాకు ఆ మాట మీద తగాదా లేదు. ముప్పై ఏండ్లు ప్రైమరీ బడిలో పంతులుగా పనిచేసిన. చింతగింజలతో కూడికలు, పుల్లల కట్టలతో పదులు ఒకట్లు, ఆకులతో ముద్రలు, మట్టితో అక్షరాలు చేయించిన. చేత్తో పట్టుకున్న లెక్క పిల్లల తలకాయలో నిలుస్తదని నాకు తెలుసు.

నా తగాదా ఆ వాక్యంలో లేని ఒక్క మాట గురించి. ఎవరి చేతులు? చేతులన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతరు. బడి గేటు కాడికి వచ్చేసరికే ఈ దేశంలో చేతులకు కులం ఉంటది. కొన్ని చేతులు పుట్టినకాన్నుంచి మట్టి ముట్టి ఎరుగయి. కొన్ని చేతులకు మట్టి తప్ప ఇంకోటి ముట్టనియ్యలేదు. ఈ రెండు చేతులకు ఒకే తీరు ముద్ద ఇచ్చి, ఒకే కృత్యం చేయించినమని రిజిస్టర్‌లో రాసుకుంటే న్యాయం జరిగినట్టేనా? ఈ ప్రశ్న నాకు ఊరి చెరువు కాడ పుట్టింది.

నేను చదువుకున్న బడిలో 1970లలో వారానికొక పూట చేతిపని పీరియడ్ ఉండె. బంకమట్టితో మామిడికాయ, జామకాయ, వినాయకుడు, ఎడ్లబండి చేసేది. మట్టి చెరువు కట్ట కింద దొరుకుతది. దాన్ని తెచ్చేటందుకు సారు ఎప్పుడూ ఏడుగురి పేర్లే పిలిచేది. ఏడుగురం మాదిగోళ్ల పిల్లలమే. "మీకు అలవాటే గద" అనేది. అది తిట్టు కాదు. కోపంతో గూడ అనలేదు. నిజంగనే మాకు అలవాటే. తట్టలు నెత్తిన పెట్టుకొని పోయేది, తవ్వేది, మోసుకొచ్చేది, రాళ్లు ఏరేది, నీళ్లు పోసి కాళ్లతో తొక్కేది. మెత్తగ అయినంక ముద్దలు చేసి వరండాలో వరుసగ పెట్టేది. మేము దూరం జరిగినంక కడమ పిల్లలు వచ్చి తీసుకునేది. మాకూ ముద్దలు మిగిలేవి, కాదనను. కానీ కాళ్లు చేతులు కడుక్కొని వచ్చేసరికి పీరియడ్ అయిపోయేది.

పటేలు ఇంటి పిల్లగాని మామిడికాయను కిటికీలో పెట్టిండ్రు. దానికి పదికి తొమ్మిది మార్కులు. నీళ్లు ఎక్కువైతే బొమ్మ కూలుతదని, తక్కువైతే పలుగుతదని, ఇంత ఇసుక కలిపితే ఆరినంక నెర్రెలు ఇయ్యదని మాకు తెలుసు. వేలుతో ఒత్తి చూసి మట్టి కుదిరిందా లేదా చెప్పగలిగేటోళ్లం. ఆ తెలివికి మార్కుల రిజిస్టర్‌లో గడి లేదు. సాయంత్రం బడి ఊడ్చుడు గూడ మాదే. వారం వారం వంతులని గోడకు కాయితం అతికించి ఉండె. కాయితం మీద పేర్లు మారేటివి, చీపురు పట్టే చేతులు మారకపోయేటివి.

బొమ్మ చేస్తే చదువు, మట్టి తెస్తే పని. ఈ గీత ఎక్కడ గీసిండ్రు? రెండింటిలో చేతులే ఉన్నయి. రెండింటిలో అదే మట్టి ఉంది. చెమట లెక్క తీస్తే మాదే ఎక్కువ. మరి తేడా ఏంది?

బొమ్మ చేసే పిల్లగాన్ని "ఇట్ల ఎందుకు చేసినవ్?" అని అడుగుతరు. మట్టి తెచ్చే పిల్లగాన్ని "ఇంత ఆలస్యం ఎందుకైంది?" అని అడుగుతరు. బొమ్మ కింద పేరు రాస్తరు, మట్టి కింద ఎవరి పేరూ ఉండదు. బొమ్మ నచ్చకపోతే నలిపి ఇంకోటి చేసుకోవచ్చు. మట్టి తెచ్చుడు నచ్చలేదంటే వీపు పలుగుతది. ప్రశ్న, పేరు, వద్దనే స్వేచ్ఛ. ఈ మూడు ఉంటే చేతిపని చదువైతది. ఈ మూడు తీసేస్తే అదే చేతిపని చాకిరి అయితది. తేడా చేతుల్లో లేదు, పనిలో లేదు. ఆ పని చేసే మనిషిని ఏ జాగలో నిలబెట్టిండ్రో అందులో ఉంది.

అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన' రాస్తూ కులం అంటే పనిని పంచుకోవడం కాదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడగొట్టడమని తేల్చి చెప్పిండు. నేను ఆ పుస్తకం చదివేనాటికి పెద్దోణ్ణయిన. కానీ దాని అర్థం అయిదో తరగతిలోనే చూసిన. మా తరగతిలో మట్టి తెచ్చేటోళ్లు, బొమ్మ చేసేటోళ్లు, మార్కులేసేటోళ్లు అని మూడు మెట్లున్నయి. చేతిపని పీరియడ్ పిల్లలకు పని మీద గౌరవం నేర్పాలని పెట్టిండ్రు. మా బడిలో అది ఎవరి పని ఎవరిదో నేర్పింది.

నేను పంతులైనంక ఈ మాటలు కొత్త పేర్లతో వచ్చినయి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద బడులకు పెట్టెలు పంపిండ్రు. సైన్సు కిట్టు, చిన్న పనిముట్ల కిట్టు, ఆట వస్తువులు, పటాలు. సంగీతం కోసం ఢోలక్ లేదా తబలా, హార్మోనియం, మంజీరా. ఆ జాబితాలో డప్పు లేదు. మా వాడలో ప్రతి రెండో ఇంట్లో గోడకు వేలాడే వాద్యం, ఊరి చావుకూ జాతరకూ లేకపోతే నడవని వాద్యం, జాబితా రాసినోళ్లకు గుర్తుకు రాలేదు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టును మేము అప్పెప్ అనేది. చేసి నేర్చుకోవడం, గుంపులుగా పని చేయడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గోడలకు పెట్టడం దాని సూత్రాలు. 1996లో డీపీఈపీ మొదలైనంక ట్రైనింగులు ఇంకా పెరిగినయి. నేను వాటిని ఎక్కిరించను. బెత్తం తప్ప బోధనోపకరణం లేని బడుల్లోకి రంగు కాయితాలు వచ్చినయి, గింజలు వచ్చినయి, పాటలు వచ్చినయి. దెబ్బలకు భయపడి బర్ల వెంట పోయిన పిల్లలు కొందరు తిరిగి వచ్చిండ్రు.

కానీ మా వాడ తల్లిదండ్రులు సంతోషపడలేదు. ఒకామె నన్ను బజార్ల నిలబెట్టి అడిగింది: "సారూ, పని మా ఇంటికాడ తక్కువైందని నీ బడికి తోలినమా? గింజలు ఏరుడు, పుల్లలు కట్టుడు మేం నేర్పలేమా? నువ్వు సదువు చెప్పరాదు?" ఆ ఊళ్లో పెద్దకులాల పిల్లలు అప్పటికే టైలు కట్టుకొని ఆటోల్లో ఇంగ్లీషు మీడియం బడులకు పోతున్నరు. వాళ్ల సంచుల నిండ పుస్తకాలు. మా పిల్లల చేతుల్లో చింతగింజలు. ఆ తల్లి చూపులో ఇది కొత్త బోధన కాదు, కొత్త వేషంలో పాత మోసం. అక్షరం అటు, పని ఇటు. ఆమెకు విద్యా సిద్ధాంతం తెలియదని కొట్టిపారేసే పంతుళ్లను చూసిన. ఆమెకు చరిత్ర తెలుసు. పంతుళ్లకే తెలియదు.

చరిత్ర ఏం చెప్తది? 1937లో గాంధీ వార్ధాలో సభ పెట్టి, చేతివృత్తి చుట్టూ చదువు నడవాలని చెప్పిండు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ దానికి ప్రణాళిక రాసింది. వడుకుడు, నేతుడు దాంట్లో ముందు నిలిచినయి. తలకూ చేతికీ మధ్య గోడ కూల్చాలనే ఆలోచన అందులో ఉంది. కానీ 1953లో మద్రాసు రాష్ట్రంలో ముఖ్యమంత్రి రాజాజీ తెచ్చిన పథకం చూడండి. పల్లెటూరి ప్రాథమిక బడుల్లో పిల్లలకు రోజుకు మూడు గంటల చదువు. కడమ పొద్దు ఇంటికాడ తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలె. కుమ్మరి కొడుకు కుండలు, చాకలి కొడుకు బట్టలు. పెరియార్, ఆయన ఉద్యమం దాన్ని కులచదువు అన్నరు. అదే పేరు నిలిచిపోయింది. ఆ జూన్‌లో బడులు తెరిచేనాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నయి. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయినంక పథకాన్ని ఎత్తేసిండు. మా తెలంగాణ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండె కాబట్టి ఆ స్కీము మా తాతల మీద పడలేదు. స్కీము లేకుండనే మా తాతలు ఇంటిపని పూర్తిగ నేర్చుకున్నరు. దొరకు, పటేలుకు, పట్వారీకి వెట్టికింద చెప్పులు కుట్టిచ్చిండ్రు. ఆ మూడు గంటల బడి మాత్రం వాళ్లకు రాలేదు.

కాబట్టి బడిలో చేతిపని అనే మాట రెండు దిక్కుల పదునున్న కత్తి. బడిలోకి మా పనిని రానియ్యకపోతే, మా తండ్రుల తెలివి తెలివే కాదని మా పిల్లలు నేర్చుకుంటరు. వల్లె వేసుడే చదువు, నోరే జ్ఞానం, చెయ్యి మైల అనే పాత బాపన విద్య బతుకుతది. బడిలోకి మా పనిని తెస్తే, మా పిల్లగాన్ని మళ్లీ ఆ పనికే కట్టేసే తాడు పంతులే పేనినట్టు అయితది. దళిత పంతులు ఈ రెంటి నడుమ నిలబడతడు. అందరు పంతుళ్లకు ఇది టీచింగ్ మెథడ్. మాకు ధర్మసంకటం.

ఈ ముడి విప్పే దారి నాకు ఒక పెద్దమనిషి చూపిచ్చిండు. 1997లో నేను పనిచేసే ఊళ్లో మాదిగవాడలో ఆయనొక్కడే ఇంకా తోలు పని చేస్తుండె. అరవై దాటినయి. ఆయన మనుమడు మా బడిలో అయిదో తరగతి. ఊరి వృత్తులోళ్లను బడికి పిలిచి పిల్లలకు చూపియ్యాలని ట్రైనింగ్‌లో చెప్పిండ్రు. కుమ్మరిని పిలుద్దామన్నరు, వడ్లాయనను పిలుద్దామన్నరు. మాదిగ పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తిన. ఎత్తి, ఆ సాయంత్రం ఆయన ఇంటికి పోయిన.

ముందు "సారూ" అన్నడు, పీట వేయించిండు. నా ఊరు, ఇంటిపేరు అడిగి తెలుసుకున్నంక "కొడుకా" అన్నడు. చెప్పింది మొత్తం విన్నడు. చాలాసేపు రంపె నూరుకుంటనే ఉన్నడు.

"వస్త. కానీ నా మనుమడు ఆరె పట్టొద్దు" అన్నడు.

"ఎందుకు పెద్దబాపూ?"

"వానికి ఆరె పట్టుడు నేను నేర్పకున్నా వస్తది. వాని నెత్తురుల ఉన్నదని ఊరంత అంటది గద. పటేలు మనుమనికి రాదు, కోమటాయన బిడ్డకు రాదు. రానోళ్లకు నేర్పుడు గదా బడి అంటే? వాళ్లు పట్టాలె."

"మరి నీ మనుమడు?"

"వాడు రాయాలె. నేను చెప్పింది వాడు బోర్డు మీద రాయాలె. నా పని నాతోనే పోతది కొడుకా. కాయితం మీద ఉంటే వాడు ముట్టకున్నా ఉంటది."

ఆఖరుకు నవ్వి మూడోది చెప్పిండు: "నన్ను కింద కూసోబెట్టి చూపియ్యకు. కోతిని ఆడిచ్చినట్టు అయితది. నువ్వు కూసునే కుర్చీ ఎయ్యి."

నేను చదివిన బోధనా శాస్త్రం మొత్తం ఒక దిక్కు, ఈ మూడు షరతులు ఒక దిక్కు. వృత్తి పుట్టుకతో వచ్చిన పిల్లగానికి ఆ రోజు ఆ పని నుంచి విడుదల. పుట్టుకతో రానోళ్లకు ఆ పనిలోకి ప్రవేశం. తెలివి ఉన్నోనికి కుర్చీ. కులం పంచిన పంపకాన్ని తరగతి గదిలో తిరగేసిండు ఆయన. జ్యోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ప్రాథమిక బడిలో చదవడం, రాయడం, లెక్కలతోపాటు వ్యవసాయం గూడ చెప్పాలని అడిగిండు. పంతుళ్లు సేద్యం చేసే కులాల నుంచి రావాలని, అవసరమైతే నాగలి మేడి పట్టడానికో వడ్రంగి బాడిశ పట్టడానికో సిగ్గుపడని మనుషులై ఉండాలని అన్నడు. ఫూలే ముందు పంతులు చెయ్యిని అడిగిండు. మా పెద్దబాపు ఫూలే పేరు విననోడు. ఆయనా ముందు పంతులు కుర్చీనే అడిగిండు.

ఆయన వచ్చిన రోజు కుర్చీ వేసిన. తరగతిలో ముప్పై నలుగురు పిల్లలు. తోలు రెండు ముక్కలు తెచ్చిండు, ఒకటి పచ్చితోలు, ఒకటి లందలో ఊరి వచ్చిన తోలు. రెండింటిని రెండు ముంతల నీళ్లలో వేసి మూత పెట్టుమన్నడు. తర్వాత వరుసగా చెప్పిండు. తోలును సున్నం నీళ్లల్ల నానబెట్టుడు, వెంట్రుకలు ఊడినంక గీకుడు, సున్నం పోయేదాక కడుగుడు, తంగేడు చెక్క దంచి ఆ కసరులో వారాల తరబడి ఊరబెట్టుడు, చెక్క సారం దిగినంక కొత్త చెక్క వేసుడు, చివరకు కరక్కాయ. వీపు తోలు మందం, అడుగుకు పనికొస్తది. పొట్ట తోలు సాగుతది, అడుగుకు పనికిరాదు. మనుమడు చాక్‌పీస్ పట్టుకొని ఒక్కొక్కటి బోర్డు మీద రాసిండు. "లంద" అని రాసినప్పుడు పిల్లలు ముక్కులు మూసుకొని నవ్విండ్రు. ఆ ఊళ్లో ఆ మాట కంపుకు తిట్టు. "చదువుండ్రి" అన్న. ఒకసారి చదివిండ్రు. ఇంకోసారి చదివిచ్చిన. మూడోసారికి అది పాఠంలో మాట అయింది.

ఆ తర్వాత కాయితం మీద పాదాలు గీసుకొని, కత్తిరించి, తోలు ముక్క మీద పరిచిండ్రు. ఎక్కువ పాదాలు పట్టాలె, తక్కువ తోలు వృథా కావాలె. మడమ దిక్కు మునివేళ్లు, మునివేళ్ల దిక్కు మడమ పెడితే ఇంకో పాదం పడుతదని ఒక రెడ్ల పిల్ల కనిపెట్టింది. వైశాల్యం అనే మాట నేను ఆ తర్వాతనే చెప్పిన. అప్పటికి ఆ పిల్లకు వైశాల్యం చేతికి వచ్చింది. మైనం రాసిన దారంతో నలుగురైదుగురు ఆరె పట్టి కుట్లు వేసిండ్రు. ఒకడు ఆరె ముట్టకుండ చేతులు వెనక్కి పెట్టుకున్నడు. "ముట్టకుంటె పాయె, దూరంగ చూడు బిడ్డా" అన్నడు పెద్దాయన. వద్దనే స్వేచ్ఛ మాకు ఎన్నడూ లేదు. దాన్ని ఆయన ఆ పిల్లగానికి ఇచ్చిండు.

నాలుగు రోజులకు ముంతల మూతలు తీసినం. పచ్చితోలు కుళ్లి పురుగు పట్టింది. తంగేడు పట్టిన తోలు మెత్తబడ్డది అంతే. ఎందుకు అని పిల్లలను అడిగిన. ఎవరి తీరుగ వాళ్లు చెప్పిండ్రు. తంగేడు చెక్కలో కసరు ఉంటది, అది తోలులో పట్టుకొని కుళ్లకుండ కాపాడుతదని చెప్పిన. మద్రాసులో 1948లో కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ పెట్టిండ్రు, అక్కడ ఇదే పని చేసేటోళ్లను శాస్త్రవేత్తలంటరని గూడ చెప్పిన. మనుమడు తలెత్తి చూసిండు. "మరి మా తాతను ఏమంటరు సార్?" అన్నడు. ఊరు ఏమంటదో వానికి తెలుసు. నేనేమంటనో వినాలని అడిగిండు. బోర్డు మీద వాడు రాసిందాని కింద తాత పేరు రాయమన్న. రాసిండు.

దీంతో ఊరు మారిందని చెప్తే అబద్ధం. తెల్లారి ఇద్దరు పిల్లలు బడికి రాలేదు. ఒకామె కొడుకుకు వాకిట్ల నెత్తిన నీళ్లు పోసినంకనే ఇంట్లకు రానిచ్చిందని తెలిసింది. ఊరి పెద్ద ఒకాయన వచ్చి "సారూ, బడిల తోలు పనేంది?" అని అడిగిండు. ట్రైనింగ్ పుస్తకం తీసి స్థానిక పరిసరాలను వాడుకోవాలని రాసిన పేజీ చూపిచ్చిన. "స్థానికం అంటే గిదేనా?" అన్నడు. నిజమే, స్థానికం అంటే చెరువు, గుడి, మామిడితోట అనుకున్నరు అందరూ. మాదిగవాడ స్థానికంలోకి రాదు. అది ఊరికి బయట గద.

ఇక్కడ ఒక గీత గీయకపోతే నా మాటను తప్పుగ వాడుకుంటరు. పని ఏదైనా గొప్పదే, కాబట్టి అన్ని పనులూ బడికి తెద్దాం అని నేను అంటలేను. తోలు పదును పెట్టుడు, కుండ చేసుడు, నేత నేసుడు, డప్పు కాచి శ్రుతి చేసుడు, వీటిలో తరతరాల పరిశీలన ఉంది. డప్పును మంట కాడ కాచితే తోలులో తేమ పోయి బిగుస్తది, బిగుస్తే శబ్దం మారుతది. అది ధ్వని పాఠం. కానీ మలం ఎత్తుడులో ఏ పాఠమూ లేదు. అది మా మీద వేసిన శిక్ష. దానికి పవిత్రత అంటగట్టి పొగుడుతుంటే అంబేద్కర్ 1945లో గాంధీ, కాంగ్రెసుల మీద రాసిన పుస్తకంలో ఆ పొగడ్తను ఎండగట్టిండు. ఆ పనిని గౌరవించుడు కాదు, లేకుండ చేసుడు కావాలె. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం దాన్ని నిషేధించినయి. అయినా మ్యాన్‌హోళ్లలో చచ్చేది ఎవరో మీకు తెలుసు. బడిలో మరుగుదొడ్డి కడిగే వంతు ఎవరి పిల్లలకు పడుతదో అది గూడ తెలుసు. శ్రమ మీద గౌరవం నేర్పుతున్నమని చెప్పి మా పిల్లలతో దొడ్లు కడిగిస్తే, అది చేతిపని పీరియడ్ కాదు, నేరం.

బడి ఊడ్చుడు వేరు. తాము కూసునే జాగ తాము ఊడ్చుకునుడు మంచిదే. నేను ముప్పై ఏండ్లు ఆ వంతులు నడిపిన. కానీ మొదటి వంతు నాదిగ పెట్టుకున్న, రెండోది ఊళ్లో అందరికన్న పెద్దింటి పిల్లలది. మా వాడ పిల్లల వంతు చివర. వంతు తప్పితే పెద్దింటి పిల్లగాన్ని అడగడానికి పంతులుకు ధైర్యం ఉండాలె. ఆ ధైర్యం లేకపోతే వంతుల కాయితం చింపేసి, ఊడ్చేటోళ్లకు జీతమిచ్చి పెట్టుకోవాలె. అబద్ధపు వంతుల కన్న అది న్యాయం.

ఇప్పుడు లందలు లేవు. ఊళ్లల్లకు కంపెనీ చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చినయి. మోటలు పోయి మోటార్లు వచ్చినంక మోట తొండంతో పని లేకపోయింది. కంచ ఐలయ్య 2007లో ఆదివాసులు, పశువులకాపర్లు, తోలు పనివాళ్లు, రైతులు, కుమ్మర్లు, నేతగాళ్లు, చాకళ్లు, మంగళ్లు ఈ దేశానికి ఇచ్చిన శాస్త్రం గురించి పిల్లల కోసం ఇంగ్లీషులో పుస్తకం రాసిండు. అట్లాంటివి ప్రతి బడిలో, ప్రతి భాషలో ఉండాలె. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగుల కాడ, తోటమాలుల కాడ, కుమ్మర్ల కాడ, కళాకారుల కాడ పని నేర్చుకోవాలని చెప్పింది. వినడానికి బాగుంది. సంచి ఎన్నడూ లేనోళ్ల పిల్లలను అడగండి, సంచి దించుడు ఎంత పండుగో. మా పిల్లల భుజం మీదికి సంచి ఎక్కి ఎన్ని తరాలైంది? ఒకటా, రెండా?

నేను ఆ పది రోజులు వద్దనను. మా పెద్దబాపు పెట్టిన షరతులే పెడుత. కుమ్మరి బిడ్డను కుమ్మరి కాడికి పంపకండి, కంప్యూటర్ కాడికి పంపండి. కంప్యూటర్ ఇంట్లో ఉన్న పిల్లగాన్ని సారె కాడ కూసోబెట్టండి. పని చూపిచ్చే మనిషికి కుర్చీతోపాటు ఆ రోజు కూలి ఇయ్యండి, పంతులుకు జీతమిచ్చినట్టే. పని అయినంక ప్రతి పిల్లగాడూ, పిల్లా చేసింది రాయాలె, ఎందుకట్ల అయిందో చెప్పాలె. రాయడం రాకపోతే ముందు అది నేర్పాలె. చేసిన పని అక్షరంగ మారకుండ ఆగిపోతే, మా పిల్లలు ఇంకో తట్ట మట్టి మోసినట్టే లెక్క.

ఈ సంకలనం చదివే విద్యార్థుల్లో రేపు పంతుళ్లయ్యేటోళ్లు ఉంటరు. సంఘాల్లో పనిచేసేటోళ్లు బడులు చూడపోతరు. గోడల మీద రంగుల బొమ్మలు, దారాలకు వేలాడే కాయితప్పూలు చూపిస్తరు, చప్పట్లు కొట్టుమంటరు. కొట్టండి. కానీ అంతకుముందు చీపురు మూలకు పోయి అది నిన్న ఎవరు పట్టిండ్రో అడగండి. చాక్‌పీస్ నిన్న ఎవరి చేతికి వచ్చిందో అడగండి. ఈ రెండు ప్రశ్నలకు పిల్లలు చెప్పే పేర్లు రాసుకోండి. ఆ రెండు జాబితాలు కలిసిపోయినయా, విడివిడిగనే ఉన్నయా చూసినంక ఆ బడి గురించి మాట్లాడండి.